'ప్రభువునందు నిద్రించారు' అంటే ఏమిటి?

గత సంవత్సరం మా తరగతిలో చదివే ఒక మిత్రురాలి నాయనమ్మగారు చనిపోయారు. వాళ్ళ సొంతూరు గుంటూరు వైపు. కబురు తెలిసిన వెంటనే బయలుదేరినా, రెండు రైళ్ళు మారి ఊరు చేరేసరికి భూస్థాపన అయిపోయింది. వాళ్ళ నాన్నగారికి తల్లి కడసారి చూపు దక్కలేదు. బదిలీల మీద ఊళ్ళు మారే మన కుటుంబాల్లో ఈ బాధ చాలామందికి తెలిసిందే.

పది రోజుల తర్వాత ఆ అమ్మాయి బడికి వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక మాలో ఒకరు, "మీ నాయనమ్మ మంచివారు కదా, మళ్ళీ మంచి జన్మే ఎత్తుతారులే" అన్నారు. ఆమె మెల్లగా, "మేం మళ్ళీ పుడతామని నమ్మం" అంది. జ్ఞాపకార్థ కూడిక కోసం అచ్చు వేయించిన కార్డు చూపించింది. నాయనమ్మగారి ఫొటో కింద 'ప్రభువునందు నిద్రించారు' అని ఉంది. "చనిపోతే నిద్రించారు అంటారేం?" అని ఒకరు అడిగారు. ఇంకొకరు ఇంకా పెద్ద ప్రశ్న అడిగేశారు: "మేం క్రైస్తవులం కాదు కదా, అయితే మేం నరకానికి పోతామా?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె కూడా తల వంచుకుంది.

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికాం. పుస్తకాలు చదివాం, పెద్దలను అడిగాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ఒక మతాన్ని పొగడడానికీ కాదు, తప్పు పట్టడానికీ కాదు. పక్క బెంచీలో కూర్చునే మన మిత్రులు ఏం నమ్ముతారో మనకు తెలియాలి కదా!

ఒకే జన్మ, ఒకే మేలుకొలుపు

మన దేశంలో పుట్టిన హిందూ, బౌద్ధ, జైన, సిక్కు సంప్రదాయాలన్నీ ఏదో ఒక రూపంలో పునర్జన్మను చెబుతాయి. పురాణాల్లోని స్వర్గం, నరకం శాశ్వతం కావు. పుణ్యం ఖర్చయితే స్వర్గం నుంచి, పాపం తీరిపోతే నరకం నుంచి మళ్ళీ భూమి మీదికి రావలసిందే.

క్రైస్తవుల నమ్మకం వేరు. మనిషికి జన్మ ఒక్కటే. చావు ఒక్కసారే. ఆ తర్వాత దేవుని తీర్పు. ఎక్కువ క్రైస్తవ సంఘాలు చెప్పే క్రమం ఇది: చనిపోయినప్పుడు శరీరం మట్టిలో కలుస్తుంది, ఆత్మ దేవుని దగ్గరికి చేరుతుంది. యుగం ముగిసే రోజున యేసుక్రీస్తు తిరిగి వస్తాడు. అప్పుడు చనిపోయినవారందరూ శరీరాలతో లేస్తారు. దీన్నే 'పునరుత్థానం' అంటారు. తీర్పు జరుగుతుంది. దేవుడు కొత్త ఆకాశాన్ని, కొత్త భూమిని ఏర్పరుస్తాడు. అక్కడ చావు, ఏడుపు, నొప్పి ఉండవు. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం ఆ కొత్త లోకాన్ని 12 ద్వారాల నగరంగా వర్ణిస్తుంది. ఆ ద్వారాలను ఎప్పుడూ మూయరట.

ఇక్కడ మేము పొరబడిన విషయం ఒకటి ఉంది. క్రైస్తవుల పరలోకం అంటే మబ్బుల మీద తెల్లబట్టలతో కూర్చోవడమే అనుకున్నాం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. కానీ వాళ్ళ ఆశ ఆకాశానికి ఎగిరిపోవడం దగ్గర ఆగిపోదు. మనిషి మనిషిగానే, శరీరంతోనే లేస్తాడన్నది అసలు నమ్మకం. క్రీ.శ. 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభల నుంచి వచ్చిన విశ్వాస ప్రమాణాన్ని ఇప్పటికీ చాలా చర్చిల్లో అందరూ కలిసి చెబుతారు. దాని చివరి మాటలు మృతుల పునరుత్థానం గురించీ రాబోయే లోకపు జీవం గురించీ ఉంటాయి.

నిద్రపోయినవారు మేలుకుంటారు. అందుకే చావును నిద్ర అన్నారు. శ్మశానానికి ఇంగ్లీషులో వాడే 'సెమెటరీ' అన్న మాట కూడా 'నిద్రించే చోటు' అనే గ్రీకు మాట నుంచి వచ్చిందే. పాత క్రైస్తవ సమాధుల తోటల్లో చాలా చోట్ల తల పడమరకు, కాళ్ళు తూర్పుకు ఉండేలా పూడ్చేవారు. సూర్యుడు ఉదయించే వైపు నుంచి క్రీస్తు వస్తాడని, లేచి నిలబడగానే ఆయన ఎదురుగా కనిపిస్తాడని ఆ ఏర్పాటు.

గింజ, మొక్క

'మట్టిలో కలిసిపోయిన శరీరం మళ్ళీ ఎలా లేస్తుంది?' అన్న అనుమానం మాకే కాదు, తొలి క్రైస్తవులకూ వచ్చింది. గ్రీసులోని కొరింథు పట్టణంవారికి అపొస్తలుడైన పౌలు సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో దీనికి జవాబు చెప్పాడు. ఆయన చూపిన పోలిక విత్తనం. మనకు తెలిసిన వడ్లగింజనే తీసుకుందాం. నాటిన గింజ నేలలో రూపు కోల్పోతుంది. పైకి వచ్చే పచ్చని మొక్క గింజలా ఉండదు. అయినా అది ఆ గింజదే. అలాగే పాడైపోయే శరీరం పోయి, పాడుకాని శరీరం లేస్తుందని పౌలు వివరించాడు. తెలుగు క్రైస్తవులు దాన్ని 'మహిమ శరీరం' అంటారు.

ఈ నమ్మకం వల్లే క్రైస్తవులు ఎక్కువగా పూడ్చిపెట్టే పద్ధతి పాటించారు. అయితే దహనం చేస్తే దేవుడు లేపలేడని కాదు. కాథలిక్ సంఘం 1963లో దహనానికి కూడా అనుమతి ఇచ్చింది.

మూడు పాత మాటలు

తెలుగు బైబిలు చదువుతుంటే పాతాళం, నరకం, పరదైసు అనే మూడు మాటలు కనిపిస్తాయి. మూడింటికీ మూడు కథలున్నాయి.

పాత నిబంధనను రాసిన హెబ్రీ భాషలో 'షెయోల్' అనే మాట ఉంది. అది చనిపోయినవాళ్ళంతా చేరే చీకటి చోటు. మంచివాళ్ళూ, చెడ్డవాళ్ళూ అక్కడికే పోతారని చాలా పాత భాగాల్లో ఉంటుంది. తెలుగులో దీన్ని 'పాతాళం' అన్నారు. కాలం గడిచేకొద్దీ మరో ప్రశ్న పుట్టింది. న్యాయం కోసం ప్రాణం ఇచ్చినవారికీ, వారిని చంపినవారికీ ఒకే గతి అయితే దేవుని న్యాయం ఎక్కడ? మన్నులో నిద్రించేవారు మేలుకుంటారన్న మాట దానియేలు గ్రంథంలో స్పష్టంగా వస్తుంది. యేసు కాలానికి కూడా యూదులందరూ దీన్ని ఒప్పుకోలేదు. పరిసయ్యులు పునరుత్థానం ఉందన్నారు, సద్దూకయ్యులు లేదన్నారు.

'నరకం' అని తెలుగులోకి వచ్చినచోట సువార్తల్లో ఉన్న మాట 'గెహెన్నా'. ఇది నిజంగా భూమి మీద ఉన్న ఒక చోటు పేరు. యెరూషలేము పాత నగరానికి దక్షిణాన హిన్నోము లోయ ఉంది, ఇప్పటికీ చూడవచ్చు. పూర్వం అక్కడ కొందరు తమ పిల్లలనే నిప్పుల్లో బలి ఇచ్చారని బైబిలు చెబుతుంది. యోషీయా అనే రాజు ఆ బలులను ఆపించాడు. యిర్మీయా ప్రవక్త ఆ లోయను శపించాడు. అప్పటినుంచి ఆ పేరు వింటేనే జనం వణికేవారు. దేవుని శిక్షకు ఆ లోయ పేరే గుర్తుగా నిలిచింది. అక్కడ ఎప్పుడూ ఊరి చెత్త తగలబడుతూ ఉండేదని చాలామంది చెబుతారు. కానీ ఆ మాట క్రీ.శ. 1200 ప్రాంతంలో ఒక యూదు పండితుని రాతల్లో కనిపిస్తుంది గానీ, అంతకు ముందటి గట్టి ఆధారం లేదు. ఆ లోయకు చెడ్డపేరు తెచ్చింది చెత్త కాదు, పిల్లల ప్రాణాలు.

'పరదైసు' మాట పాత ఇరాన్ నుంచి వచ్చింది. చుట్టూ గోడ కట్టిన తోట అని దాని అర్థం. గ్రీకులోకి, హెబ్రీలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. పారశీకంలో, ఉర్దూలో 'ఫిర్దౌస్' అయింది. కశ్మీరు గురించి మాట్లాడేటప్పుడు మనం వినే ఫిర్దౌస్, తెలుగు బైబిల్లోని పరదైసు ఒకే ఇంటి పిల్లలు. తనతోపాటు సిలువ వేసిన ఒక నేరస్థుడు చివరి ఘడియలో తనను గుర్తుంచుకోమని అడిగితే, ఆ రోజే తనతో పరదైసులో ఉంటావని యేసు మాట ఇచ్చాడని లూకా సువార్త చెబుతుంది.

1611 నాటి ప్రసిద్ధ ఇంగ్లీషు అనువాదం చాలా చోట్ల షెయోల్‌కూ, గెహెన్నాకూ 'హెల్' అనే ఒకే మాట వాడింది. పాతాళం, నరకం అని వేరు చేసి చదివే తెలుగువారికి ఈ తేడా కొంత సులువుగా తెలుస్తుంది.

ఒకే మతంలో వేరువేరు దారులు

బదిలీల వల్ల మనకు కలిగే మేలు ఒకటుంది. గోవాలో ఒక రకం చర్చి, కేరళలో ఇంకో రకం, మిజోరంలో, ఆంధ్రలో మరో రకం చూస్తాం. పరలోకం గురించి కూడా వీళ్ళందరి మాట అచ్చంగా ఒకటి కాదు.

కాథలిక్కులు పరలోకానికి, నరకానికి తోడు ఒక శుద్ధి స్థితిని నమ్ముతారు. తెలుగులో దాన్ని 'ఉత్తరించు స్థలం' అంటారు. దేవుని స్నేహంలో చనిపోయినా, ఇంకా పూర్తిగా శుద్ధి కాని ఆత్మలు అక్కడ శుద్ధి పొంది పరలోకం చేరతాయట. బతికున్నవారి ప్రార్థనలు వారికి సాయపడతాయని నమ్మకం. అందుకే నవంబరు 2న సమాధుల దగ్గర పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో ఈ రోజును తన మఠాల్లో ప్రవేశపెట్టాడు.

కేరళలోని ఆర్థడాక్స్ సిరియన్ క్రైస్తవులు ఉత్తరించు స్థలం అనే సిద్ధాంతాన్ని అంగీకరించరు. అయినా చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు. 40వ రోజు ప్రార్థన వారికి ముఖ్యం.

ప్రొటెస్టెంట్ల దారి వేరు. 16వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో పాప పరిహార పత్రాలు డబ్బుకు అమ్మేవారు. అవి కొంటే చనిపోయిన తల్లిదండ్రుల శిక్ష కూడా తగ్గుతుందని ప్రచారం చేసేవారు. బీదవాళ్ళు కూడా ఉన్నది ఊడ్చి కొన్నారు. 1517లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ దీన్ని ప్రశ్నిస్తూ 95 వాదాలు రాశాడు. పరలోకం అమ్మకానికి పెట్టే వస్తువు కాదని, అది దేవుని కృప వల్ల, విశ్వాసం వల్ల దొరుకుతుందని ఆయన బోధ. చివరికి ప్రొటెస్టెంట్లు ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోలేదు. కాథలిక్ సంఘం 1563లో ట్రెంట్ మహాసభలో ఆ నమ్మకాన్ని నిలుపుకుంది. పత్రాల పేరుతో సాగే చెడ్డ సంపాదనను మాత్రం ఆపాలని ఆదేశించింది.

లూథర్ పేరుతో వచ్చిన సంఘం మన గుంటూరుకూ చేరింది. అమెరికా నుంచి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయర్ అనే మిషనరీ 1842లో అక్కడికి వచ్చాడు. మా మిత్రురాలి కుటుంబం వెళ్ళేది లూథరన్ చర్చికే. వాళ్ళు చనిపోయినవారి కోసం ప్రార్థించరు. ఆ వ్యక్తి జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెబుతారు. అందుకే వాళ్ళ కార్డు మీద 'జ్ఞాపకార్థ కూడిక' అని ఉంది.

నరకం ఎలా ఉంటుంది?

నరకం అనగానే మనకు మంటలు, కొమ్ములు, శూలాలు గుర్తుకొస్తాయి. బైబిల్లో అగ్ని మాటా ఉంది, చీకటి మాటా ఉంది. కొమ్ముల చిత్రాలు మాత్రం ఎక్కువగా తర్వాతి చిత్రకారుల ఊహలే. ఇటలీ కవి డాంటే 14వ శతాబ్దం మొదట్లో రాసిన 'డివైన్ కామెడీ' కావ్యంలో నరకానికి 9 వలయాలు పెట్టాడు. విచిత్రం ఏమిటంటే, అన్నిటికన్నా అడుగున ఉన్నది మంట కాదు, మంచు! నమ్మినవారిని మోసం చేసినవాళ్ళు అక్కడ గడ్డకట్టి ఉంటారు. ప్రేమ పూర్తిగా చల్లారిపోయిన చోటే అసలు నరకం అని ఆ మంచు చెబుతున్నట్లు మాకు అనిపించింది.

1999లో పోప్ రెండవ జాన్ పాల్ తన ప్రసంగంలో నరకాన్ని ఒక స్థలం కన్నా ఒక స్థితిగా వివరించారు. దేవునికి తమంతట తామే దూరమైనవారి స్థితి అది. నరకం శాశ్వతం అని ఎక్కువ సంఘాలు బోధిస్తాయి. చెడ్డవారు చివరికి లేకుండా పోతారని కొందరు క్రైస్తవులు అంటారు. ఎప్పటికైనా అందరూ దేవుని దగ్గరికి చేరతారని 3వ శతాబ్దంలో ఓరిజన్, 4వ శతాబ్దంలో నిస్సాకు చెందిన గ్రెగరీ ఆశపడ్డారు. ఈ వాదన నేటికీ ముగియలేదు.

మరి మా ప్రశ్న?

'మేం నరకానికి పోతామా?' అన్న ప్రశ్నకు క్రైస్తవులందరూ ఒకే జవాబు చెప్పరు. యేసును నమ్మినవారికే రక్షణ అని గట్టిగా చెప్పే సంఘాలు ఉన్నాయి. ఆ సంగతి దాచడం సరికాదు. కాథలిక్ సంఘం 1964లో రెండవ వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్త తెలియని వారు నిజాయితీగా దేవుణ్ణి వెతుకుతూ మనస్సాక్షి ప్రకారం నడుచుకుంటే వారికీ రక్షణ దొరకవచ్చని చెప్పింది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లల గురించి తల్లులు శతాబ్దాల పాటు కుమిలిపోయారు. వారి విషయంలోనూ ఆశ పెట్టుకోవడానికి బలమైన కారణాలు ఉన్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం ప్రకటించింది.

మత్తయి సువార్తలో యేసు చెప్పిన తీర్పు కథ ఒకటి మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. అందులో రాజు కొందరిని మెచ్చుకుంటాడు. ఎందుకంటే వాళ్ళు ఆకలి వేసినవారికి అన్నం పెట్టారు, దాహానికి నీళ్ళు ఇచ్చారు, పరాయివారిని చేరదీశారు, బట్టలు లేనివారికి బట్టలు ఇచ్చారు, రోగులను, ఖైదీలను చూడడానికి వెళ్ళారు. వాళ్ళకే ఆశ్చర్యం వేస్తుంది. రాజుకు ఎప్పుడు సాయం చేశామో వాళ్ళకు గుర్తు లేదు! అల్పులకు చేసింది నాకు చేసినట్లే అంటాడు రాజు. ఏమీ చేయనివారిని దూరంగా పంపేస్తాడు.

ఈ కథను మదర్ థెరిసా అక్షరాలా తీసుకున్నారు. 1952లో కోల్‌కతాలోని కాళీఘాట్ దగ్గర, వీధుల్లో చావుకు దగ్గరైనవారి కోసం ఒక ఇల్లు తెరిచారు. అదే నిర్మల్ హృదయ్. అక్కడ హిందువులకు గంగాజలం, ముస్లిములకు ఖురాన్ పఠనం, కాథలిక్కులకు వారి చివరి సంస్కారం అందేవి. పరలోకం గురించి ఆమెకు గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకమే ఆమెను ఈ లోకంలోని మురికివాడకు పంపింది.

మేము అడిగిన ప్రశ్ననే మా మిత్రురాలు వాళ్ళ నాన్నగారిని అడిగిందట. ఆయన, "ఎవరు ఎక్కడికి వెళ్తారో తేల్చే పని దేవుడు మనకు అప్పగించలేదమ్మా. తీర్పు ఆయనది. అన్నం పెట్టే పని మాత్రం మనకు అప్పగించాడు" అన్నారట. ఆ జవాబు విన్నాక మా మనసు తేలికపడింది.

ఏం మాట్లాడాలి?

క్రైస్తవ మిత్రుల ఇంట్లో ఎవరైనా చనిపోతే ఏమనాలో ఇప్పుడు మాకు కొంచెం తెలుసు. మళ్ళీ పుడతారని చెప్పనక్కర్లేదు. 'మీరు మళ్ళీ కలుస్తారని మీ నమ్మకం కదా' అంటే చాలు. ఏమీ తోచకపోతే పక్కన కూర్చున్నా చాలు. బాధపడవద్దని మాత్రం అనకూడదు. తన స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసే కన్నీళ్ళు పెట్టుకున్నాడని యోహాను సువార్త చెబుతుంది. అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు.

ఈ సంవత్సరం ఈస్టరుకు మా మిత్రురాలి కుటుంబం ఊరికి వెళ్ళి వచ్చింది. యేసు సమాధి నుంచి లేచాడని క్రైస్తవులు నమ్మే రోజు అది. ఆ ఊళ్ళో తెల్లవారకముందే అందరూ సమాధుల తోటకు వెళ్తారు. ముందు రోజే వాళ్ళ నాన్నగారు నాయనమ్మగారి సమాధికి సున్నం వేశారు. చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి, పాటలు పాడుతుండగా తూర్పున తెల్లవారింది.

తిరిగి వచ్చాక ఆమె ఆ సంగతులన్నీ చెప్పింది. "కడసారి చూపు దక్కలేదని నాన్న చాలా రోజులు ఏడ్చారు. కానీ మా నమ్మకం ప్రకారం అది కడసారి కాదు కదా" అంది.

ప్రతి బదిలీకీ స్టేషనులో చేతులూపి విడిపోయే మనకు ఆ మాట అర్థం కావడం కష్టం కాదు. ఆ నమ్మకం మనది కావచ్చు, కాకపోవచ్చు. మళ్ళీ కలుసుకోవాలన్న కోరిక మాత్రం మనందరిదీ.